బుల్లెట్‌కి చేత్తో ట్యాంకు కట్టడం: అట్ట ముక్క నుంచి పెట్రోలు పోసేదాకా

"అన్నా, పాత బుల్లెట్ ఒకటి ఉంది. దానికి చేత్తో కొట్టిన ట్యాంకు కావాలి. ఏ మెషిన్ కొనాలి?" వారానికి ఒక్కరైనా నన్ను ఇదే అడుగుతారు. మెషిన్ ఏదీ అక్కర్లేదు. రెండు చక్రాల మధ్య రేకును నడిపి వంపు తెచ్చే ఇంగ్లిష్ వీల్ ఉంటే పని తొందరగా తెములుతుంది, అంతకు మించి ఏమీ లేదు. పెంబర్తిలో ఇత్తడి రేకు కొట్టేవాళ్లు, ఒకప్పుడు మన ఊళ్లలో బిందెలు చేసిన కంచరులు, విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లు సాఫు చేసే టింకరింగ్ మేస్త్రులు, అందరూ సుత్తితో, మొద్దుతోనే రేకును తమ మాట వినేలా చేశారు.

మీకు ముందుగా కావాల్సింది లెక్క. రేకు ఎక్కడ సాగాలి, ఎక్కడ కుదించుకోవాలి అనే లెక్క. అది తేల్చుకోకుండా సుత్తి పట్టినవాళ్లే పని సగంలో వదిలేసి, సొట్టలన్నీ పుట్టీతో నింపి, ఆరు నెలలకు పగుళ్లు వచ్చాయని బాధపడతారు. అందుకే కింద రాసినదాంట్లో సుత్తి పని అయిదో మెట్టులో గానీ రాదు. ముందున్న నాలుగూ దాటేయకండి.

ఏ బండికి

కార్బురేటర్ ఉన్న పాత బుల్లెట్ 350 మొదటి పనికి చాలా అనువైనది. ఇంజిన్ మీదుగా వెళ్లే లావుపాటి పైప్ ఒక్కటే ఉంటుంది, ట్యాంకు దాని మీద గుర్రం మీది జీనులా కూర్చుంటుంది. పెట్రోలు తన బరువుతో తానే కార్బురేటర్‌లోకి దిగుతుంది. ఇంధన పంపు ట్యాంకులోనే ఉండే ఇంజెక్షన్ బండ్లతో, అంటే 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లతో మొదలుపెట్టకండి. పంపు కూర్చునే ఫ్లాంజ్, అంటే దాని బిగింపు అంచు, ఒక్క వెంట్రుక వాసి వంకరగా ఉన్నా కారుతుంది. అది రెండో ట్యాంకుకో మూడో ట్యాంకుకో పెట్టుకోండి.

ముందు కాగితాల సంగతి

తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా గానీ, రెండూ గానీ వేయొచ్చని 182ఏ సెక్షన్‌లో ఉంది. వెనక చక్రం సగం కప్పేలా చీర గార్డు, వెనక కూర్చునేవాళ్లకు పట్టుకునే హ్యాండిల్, కాళ్లు పెట్టుకునే రెస్టులు ఉండాలన్న నిబంధన వేరే ఉంది.

కాబట్టి నా పద్ధతి ఇది. చాసిస్ మీద గ్రైండర్ పెట్టను. నంబరు ఉన్నచోటు ముట్టుకోను. ట్యాంకు అయినా, సీటు వెనక మూపు (సీటు చివర ఎత్తుగా లేచే రేకు తొడుగు) అయినా కంపెనీ బోల్టు రంధ్రాల్లోనే కూర్చునేలా చేస్తాను. పాత ట్యాంకు, పాత సీటు నూనె రాసి అటక మీద దాస్తాను. కావాలంటే ఒక పూటలో బండి మళ్లీ మామూలు రూపానికి వచ్చేయాలి. రంగు మార్చాలనుకుంటే ముందే ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి ఆర్సీలో ఎక్కించుకునే సంగతి అడగండి. డబ్బు ఖర్చు పెట్టకముందే అక్కడ మాట్లాడటం మంచిది.

కావాల్సినవి

రేకు: 1 ఎంఎంకు అటూ ఇటూగా ఉండే సీఆర్ రేకు, అంటే కాల్చకుండా చల్లగా ఒత్తి చేసిన ఉక్కు రేకు. కొట్లో గేజీల్లో చెబుతారు. 20 గేజి అంటే 0.9 ఎంఎం, 18 గేజి అంటే 1.2 ఎంఎం. పైభాగాలకు 20, అడుగుకు 18 తీసుకోండి. డీడీ గానీ ఈడీడీ గానీ గ్రేడు ఉందా అని అడగండి, అవి మెత్తగా సాగుతాయి. ఎనిమిదడుగులకు నాలుగడుగుల 1 ఎంఎం రేకు 23 కిలోల పైచిలుకు తూగుతుంది. ట్యాంకుకు సగం రేకు చాలు, మిగతా సగం చెయ్యి తిరగడానికి. జింకు పూత ఉన్న జీఐ రేకు మాత్రం వద్దు. అయస్కాంతం దానికీ అంటుకుంటుంది కాబట్టి ఆ పరీక్ష పనికిరాదు. పూలు పూలుగా తెల్లటి మెరుపు కనిపిస్తే అది జీఐ. దాన్ని వెల్డ్ చేస్తే జింకు పొగ లేస్తుంది. అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది.

మొద్దు: మటన్ కొట్లో వాడేలాంటి చింత మొద్దు. నడుము ఎత్తు ఉంటే సుఖం. పైన ఒక పక్కన జానెడు కంటే కాస్త తక్కువ వెడల్పు, అంగుళం లోతు గుంట చెక్కించండి. గుంట అంచులు నున్నగా ఉండాలి.

ఇసుక సంచి: తోలుదో, మందపాటి కాన్వాసుదో, అడుగు వెడల్పున్నది. ఎండబెట్టి జల్లించిన సన్న ఇసుక ముప్పాతిక వంతు పోసి కుట్టేయండి. నిండా పోస్తే రాయిలా ఉంటుంది, రేకు అందులో దిగదు.

పనిముట్లు: గుండ్రటి మూతి ఉన్న చెక్క సుత్తి, చదునైన మూతి ఉన్న టింకరింగ్ సుత్తి, రెండు మూడు వంపుల డాలీలు (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మలు), రేకు కత్తెర, పెద్ద ఆకురాయి, నాలుగంగుళాల గ్రైండర్, అరడజను వైస్ గ్రిప్‌లు, సీ క్లాంపులు. సుత్తి, డాలీ ముఖాలు అద్దంలా పాలిష్ చేసుకోండి. సుత్తి మీద గీత ఉంటే ప్రతి దెబ్బకీ అదే గీత రేకు మీద అచ్చు పడుతుంది. హైదరాబాద్‌వాళ్లకు ఇవన్నీ రాణిగంజ్‌లో దొరుకుతాయి.

ఇంకా కావాల్సినవి: 12 ఎంఎం ప్లైవుడ్, థర్మోకోల్, అట్టలు, పాత దినపత్రికలు, మాస్కింగ్ టేపు. చెవుల్లో ప్లగ్గులు, కళ్లద్దాలు, తోలు గ్లవ్స్ తప్పనిసరి. కత్తిరించిన రేకు అంచు బ్లేడుతో సమానం, కోసిన వెంటనే ఆకురాయితో మొండి చేయండి.

వెల్డింగ్ మీకు రాకపోతే నేర్చుకునేదాకా ఆగక్కర్లేదు. ముక్కలు మీరు కొట్టి, ట్యాకింగ్‌కీ (అక్కడక్కడ చుక్కలుగా అతకడం), పూర్తి వెల్డింగ్‌కీ ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి.

1. బండి మీద కొలతలు

పాత ట్యాంకు దించండి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, రెండుసార్లూ ఫోర్కు ఎంతదాకా వస్తుందో ఫ్రేము మీద టేపు అంటించి గుర్తుపెట్టండి. ఆ గుర్తుకూ మీ ట్యాంకుకూ మధ్య కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. హ్యాండిల్ తిప్పినప్పుడు బొటనవేలు నలిగే ట్యాంకులు చాలా చూశాను.

మధ్య పైపు చుట్టూ 12 నుంచి 15 ఎంఎం ఖాళీ వదలండి. వైర్లు, క్లచ్ కేబుల్ అటే వెళ్తాయి. ఇంజిన్ హెడ్డుకు దగ్గరగా కిందికి దింపొద్దు, వేడి తగులుతుంది, ట్యాపెట్ కవర్లు విప్పడానికీ చోటు ఉండదు. పెట్రోలు కాక్ (కుళాయి) కూర్చునే చోటు ట్యాంకులో అన్నిటికంటే కింద ఉండాలి, కార్బురేటర్ పైపు కంటే పైన ఉండాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా ట్యాంకులో రెండు లీటర్లు ఉండగానే బండి ఆగిపోతుంది.

2. ఆకారం తేల్చుకోవడం

థర్మోకోల్ దిమ్మలు అంటించి ఫ్రేము మీదే చెక్కండి. సీటు పెట్టి కూర్చోండి, మోకాళ్లు ఎక్కడ ఆనుతున్నాయో చూసుకోండి. పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ట్యాంకు కింది గీత, సీటు కింది గీత ఒకే వరసలో నడుస్తున్నాయా? లేకపోతే ట్యాంకు ఎంత అందంగా కొట్టినా బండి విరిగినట్టే కనిపిస్తుంది. రెండు రోజులు అలాగే వదిలేసి మళ్లీ చూడండి. థర్మోకోల్ దగ్గర గంటలో దిద్దే తప్పు రేకు దగ్గరికొచ్చాక నెల తింటుంది.

ఎన్ని లీటర్లు పడుతుందో ఇప్పుడే లెక్కేయండి. 45 సెంటీమీటర్ల పొడవు, 24 వెడల్పు, 16 ఎత్తు అనుకుందాం. గుణిస్తే 17,280 ఘన సెంటీమీటర్లు, అంటే 17 లీటర్ల పైన. కానీ మూలలన్నీ గుండ్రంగా పోతాయి కాబట్టి అందులో మూడింట రెండొంతులే మిగులుతుంది. ఫ్రేము పైపు దూరడానికి అడుగున వదిలే మధ్య సొరంగం ఇంకో 3 లీటర్లు తినేస్తుంది. చివరికి 9 లీటర్ల లోపే. చాలదనుకుంటే వెడల్పు పెంచకండి, మోకాళ్లకు అడ్డం వస్తుంది. పొడవో ఎత్తో పెంచండి.

3. ప్లైవుడ్ అచ్చు

థర్మోకోల్ ఆకారాన్ని ప్రతి 5 సెంటీమీటర్లకూ అడ్డంగా కొలిచి, ఆ కోతలను ప్లైవుడ్‌లో కోసి, మధ్యలో నిలువు పలకకు బిగించండి. చేప ముల్లులా ఉంటుంది. దీని మీద రేకు కొట్టరు, కొట్టిన రేకును తెచ్చి పెట్టి చూసుకుంటారు, అంతే. ఎడమ సగం కోతలను తిప్పి పెట్టి కుడి సగం గీయండి. రెండు వైపులూ విడివిడిగా కొలిస్తే రెండు వేర్వేరు ట్యాంకులు తయారవుతాయి. రేకు మందం కోసం చుట్టూ 1 ఎంఎం తక్కువ కోయడం మరిచిపోవద్దు.

4. కాగితంతో లెక్క

ఈ పనికి ఆయువుపట్టు ఇక్కడే ఉంది. దినపత్రిక కాగితాన్ని అచ్చు మీద పరిచి, అయస్కాంతాలతోనో టేపుతోనో పట్టించి, చేత్తో నిమురుతూ వంపులకు అతికేలా అదమండి. కాగితం సాగదు, కుదించుకోదు. అందుకే అది నిజం చెబుతుంది.

కాగితం ఎక్కడ ముడతలు పడుతుందో అక్కడ రేకు ఎక్కువైందని అర్థం. అక్కడ రేకును కుదించాలి. ఎక్కడ బిగుసుకుపోయి చిరగబోతుందో అక్కడ రేకు చాలలేదు. అక్కడ కత్తెరతో చిన్న గాటు పెట్టండి, అది నోరు తెరుస్తుంది. ఎంత తెరిస్తే అంత మేర రేకు సాగాలి. ముడతలు ఉన్నచోట "కు" అని, గాట్లు ఉన్నచోట "సా" అని స్కెచ్ పెన్నుతో రాయండి. తర్వాత కాగితాన్ని రేకు మీద పరిచి ఆ గుర్తులే రేకు మీదికి ఎక్కించండి.

ఒక ముక్కలో ముడతలు అరచేతి వెడల్పు దాటి లోపలికి వస్తున్నాయంటే ఆ ముక్క మీ చేతికి మించినది. దాన్ని రెండుగా విడగొట్టండి. మొదటి ట్యాంకుకు ఆరు ముక్కలు పెట్టుకోండి: పైన వెన్ను ఒకటి, ఎడమ, కుడి బుగ్గలు రెండు, వెనక మూత ఒకటి, సొరంగం ఒకటి, అడుగు ఒకటి. అతుకు గీత బాగా వంపు తిరిగిన చోట రాకూడదు, వీలైనంత చదునుగా ఉన్నచోట రావాలి. లేకపోతే వెల్డింగ్ తర్వాత దాన్ని సాఫు చేయడానికి లోపలి నుంచి డాలీ అందదు. ప్రతి ముక్కకూ చుట్టూ 15 ఎంఎం ఎక్కువ వదిలి కోయండి.

5. కొట్టడం

బుగ్గ ముక్కతో మొదలుపెట్టండి. "సా" అని రాసిన చోటు ఇసుక సంచి మీద పెట్టి, చెక్క సుత్తితో ఒకదాని పక్కన ఒకటి దెబ్బలు వేస్తూ పోండి. దెబ్బ కదలదు, రేకును మీరు కదుపుతారు. మోచెయ్యి నుంచి కాదు, మణికట్టు నుంచి కొట్టండి. గట్టిగా పది దెబ్బలు వేసేకంటే తేలిగ్గా వంద వేయడం మేలు. గట్టి దెబ్బ పడ్డచోట రేకు ఒక్కచోటే పల్చబడి గుంటలా మిగిలిపోతుంది, దాన్ని మళ్లీ పైకి తేవడం మహా కష్టం.

ఇలా నడుమ భాగం దిగుతున్నకొద్దీ అంచులు అప్పడంలా అలలు తేలతాయి. కంగారుపడకండి, అలా తేలాలి. ఇప్పుడు ఆ అంచును మొద్దు మీద గుంటకు అడ్డంగా పెట్టండి. అల శిఖరం గుంట మీదికి రావాలి. అల చివరను ముందు కొట్టి కట్టేయండి, ఆ తర్వాత లోపలి నుంచి అంచు వైపుకు కొట్టుకుంటూ రండి. అల పారిపోవడానికి దారి ఉండదు, తనలో తానే కూరుకుపోతుంది. రేకు కుదించడం అంటే ఇదే. వేలితో పట్టి చూస్తే అక్కడ అంచు మునుపటికంటే కాస్త మందంగా తగులుతుంది. అలా తగిలితే పని సరిగ్గా సాగుతున్నట్టే. అల మడత పడి ఒకదాని మీద ఒకటి పడుకుంటే మాత్రం ఆగండి. దాని మీద కొడితే పగులుతుంది. పటకారుతో విప్పి, రెండు చిన్న అలలుగా చేసి మళ్లీ మొదలుపెట్టండి.

పది నిమిషాలకొకసారి ముక్కను అచ్చు మీద పెట్టి చూడండి. ఊగుతోందా? ఊగితే ఏ రెండు మూలలు లేస్తున్నాయో చూసి, వాటి మధ్యనున్న చోట ఇంకా సాగదీయాలా, అంచు కుదించాలా అని కాగితం గుర్తులతో పోల్చండి. మొత్తం ఒకేసారి అతికించాలని చూడొద్దు. నా మొదటి బుగ్గకు సాయంత్రం రెండేసి గంటల చొప్పున పదకొండు రోజులు పట్టింది. రెండోది నాలుగు రోజుల్లో వచ్చింది.

దెబ్బ శబ్దం మెత్తటి "ధబ్" నుంచి ఖణేల్‌మనే మోతకు మారి, రేకు కదలడం మానేస్తే అది గట్టిపడిపోయిందని అర్థం. గ్యాస్ మంటతో ఆ చోటు మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి గాలికే చల్లారనివ్వండి, నీళ్లు పోయొద్దు. మంచి సీఆర్ రేకుతో ట్యాంకు వంపులకు ఈ అవసరం అరుదుగానే వస్తుంది.

అల్యూమినియం చేస్తామంటారా? కొట్టడానికి వెన్నలా ఉంటుంది, బరువు ఉక్కులో మూడో వంతు. కానీ వెల్డింగ్‌కు ఏసీ ఆర్గాన్ మెషిన్ కావాలి, బోల్టు బిగింపుల దగ్గర బుల్లెట్ వణుకుడుకు త్వరగా పగుళ్లు వస్తాయి. పైగా అల్యూమినియం కాలిస్తే ఎర్రబడదు, 660 డిగ్రీల దగ్గర హఠాత్తుగా కారిపోతుంది. మెత్తబరచాలంటే బట్టల సబ్బుతో గీత గీసి, గీత నల్లబడగానే మంట తీసేయాలి. సీటు వెనక మూపు అల్యూమినియంతో చేసి చెయ్యి తిప్పుకోండి, ట్యాంకు మాత్రం మొదట ఉక్కుతోనే.

6. సాఫు చేయడం, చేత్తో చూడటం

ఆకారం వచ్చాక పైన అంతా చిన్న చిన్న గుంతలుగా ఉంటుంది. లోపల వంపుకు సరిపోయే డాలీ ఆనించి, పైనుంచి చదును సుత్తితో తేలిగ్గా తట్టండి. దెబ్బ డాలీ మీదే పడితే "టింగ్" అని శుభ్రమైన చప్పుడు వస్తుంది. "టప్" అంటే డాలీ అక్కడ లేదు, మీరు కొత్త సొట్ట చేస్తున్నారు.

ఇక్కడ కన్ను మోసం చేస్తుంది. నాకు పని నేర్పిన మేస్త్రి ఆటోనగర్‌లో నలభై ఏళ్లు సుత్తి పట్టినవాడు. నేను నున్నగా వచ్చిందని చూపిస్తే ఆయన రేకు వంక చూడను కూడా లేదు. భుజం మీది తువ్వాలు తీసి రెండు మడతలు పెట్టి రేకు మీద వేసి, దాని మీద అరచెయ్యి ఆనించి ముందు నుంచి వెనక్కి ఒక్కసారి జార్చాడు. మధ్యలో చెయ్యి ఆగింది. "ఇక్కడ చూడరా" అన్నాడు. "ఏం కనబడట్లేదు బాబాయ్" అన్నాను. "కనబడదు. చెయ్యి పెట్టు." పెట్టినా నాకు తెలియలేదు. ఆకురాయి తెచ్చి రెండుసార్లు రుద్దితే చుట్టూ తెల్లగా మెరిసి, ఆయన వేలు పెట్టిన చోట రూపాయి బిళ్లంత నల్లగా మిగిలిపోయింది. అంతా సాఫు అయినచోట అదొక్కటే పల్లం.

మీరూ అలాగే చేయండి. బట్ట ఎందుకంటే, ఒట్టి చేతికి గరుకు తగిలి వంపు తెలియదు, మధ్యన బట్ట ఉంటే గరుకు పోయి వంపు మాత్రమే తగులుతుంది. తర్వాత ముక్కంతా మార్కర్ ఇంకు పూసి, ఆకురాయిని బల్లపరుపుగా ఏటవాలుగా లాగండి. మెరిసినచోట మిట్ట, ఇంకు మిగిలినచోట పల్లం. పల్లాన్ని లోపలి నుంచి తట్టి పైకి తేవాలి గానీ, మిట్టను ఆకురాయితో అరగదీయకూడదు. 0.9 ఎంఎం రేకులో అరగదీయడానికి ఏముంటుంది?

రెండు బుగ్గలు పోల్చడానికి అట్టలో కోత గీసి, ఒకవైపు సరిచూసి తిప్పి రెండోవైపు పెట్టండి. 2 ఎంఎం తేడా వస్తే ఫరవాలేదు, ఎవరూ రెండు పక్కలను ఒకేసారి చూడలేరు. కానీ పైన వెన్ను గీత వంకర పోతే సీటు మీద కూర్చున్న ప్రతిసారీ మీ కంటికే గుచ్చుకుంటుంది.

7. అతకడం

ఎక్కువ వదిలిన అంచులు ఇప్పుడు కోయండి. రెండు ముక్కల మధ్య వెలుతురు కనిపించకూడదు. సందు ఉంటే వెల్డింగ్ దాన్ని లాక్కుని చుట్టూ ముడతలు తెస్తుంది, పల్చటి రేకులో బొక్క పడుతుంది. సందును రాడ్డుతో నింపేద్దామనుకోకండి, ఆకురాయితో సరిచేయండి.

అతుకును అసిటోన్‌తో తుడవండి. బ్రేక్ క్లీనర్ వద్దు. అందులో క్లోరిన్ ఉంటే ఆర్గాన్ మంటకు విషవాయువు పుడుతుంది.

1 ఎంఎం రేకుకు 30 నుంచి 40 ఆంపియర్లు సరిపోతాయి. ప్రతి అంగుళానికీ ఒక ట్యాక్ వేయండి, వరసగా కాదు, ఈ చివరొకటి, ఆ చివరొకటి, మధ్యలో ఒకటి. ప్రతి నాలుగు ట్యాక్‌లకూ డాలీ పెట్టి అంచులు సమంగా తట్టండి. అంతా ట్యాక్ అయ్యాక బండి మీద పెట్టి చూడండి. దిద్దుకోవడానికి ఇదే ఆఖరి అవకాశం. ఆ తర్వాత పూర్తి వెల్డింగ్ కూడా అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ. వేడి చెయ్యి పట్టేంతకు తగ్గాకే పక్కన వేయాలి. వెల్డింగ్ చల్లారేటప్పుడు కుదించుకుని రేకును లోపలికి లాగుతుంది. అందుకని అడుగు మూయకముందే పైన అతుకులన్నీ డాలీ మీద తట్టి మళ్లీ సాగదీయండి. సీఓటూ (మిగ్) వెల్డింగ్ చేయించొద్దని నేను చెప్పేదీ అందుకే. దాని గడ్డ గట్టిగా ఉంటుంది, సుత్తికి లొంగదు, గ్రైండర్‌తో కొట్టేయాల్సి వస్తుంది. అలా కొట్టేటప్పుడు పక్కన రేకు కాగితమంత పల్చబడి, ట్యాంకు కారేది అక్కడే.

మూత మెడ, పెట్రోలు కాక్ బుష్ లేత్ పనివాళ్ల చేత చేయించండి. మీ కాక్, మీ మూత పట్టుకెళ్లి వాటికే సరిచూసి మర కోయమనండి. తుక్కు ట్యాంకు నుంచి మెడ కోసి తెచ్చుకుందామని చాలామంది అంటారు. వద్దు. ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న ట్యాంకులోనైనా పెట్రోలు ఆవిరి ఉంటుంది, గ్రైండర్ నిప్పురవ్వకు అది బాంబులా పేలుతుంది. మూతకు గాలి రంధ్రం ఉందో లేదో కూడా చూడండి, లేకపోతే పెట్రోలు దిగదు.

బిగింపు పట్టీలు నేరుగా పల్చటి రేకుకు అతకొద్దు. ముందు అరచేతి వెడల్పు 2 ఎంఎం పలక, దాని మూలలు గుండ్రంగా చేసి అతికి, దాని మీద పట్టీ పెట్టండి. బండికీ పట్టీకీ మధ్య రబ్బరు బుష్‌లు ఉండాలి. ఇవన్నీ అయ్యాక, లోపల గుడ్డతో తుడిచి, అప్పుడు అడుగు మూయండి.

8. కారుతుందా లేదా

నా మొదటి ట్యాంకును కంప్రెసర్‌కు తగిలించాను. సూది 30 పీఎస్ఐ దాటేలోపే సొరంగం పక్క గోడలు ధబ్‌మని ఉబ్బి, మధ్య పైపు దూరనంతగా ఇరుకైపోయాయి. రెండు నెలల పని పోయింది. లెక్క చూడండి: 45 × 24 సెంటీమీటర్ల పలక మీద 30 పీఎస్ఐ అంటే రెండు టన్నులకు పైగా బరువు. 2 పీఎస్ఐ అయితే నూటయాభై కిలోలు, ట్యాంకు తట్టుకుంటుంది. అందుకే సైకిల్ పంపు మాత్రమే వాడండి.

కాక్ రంధ్రానికి బోల్టు, మెడకు రబ్బరు బిరడా పెట్టి, అందులో సైకిల్ ట్యూబు వాల్వు అమర్చి, 2 పీఎస్ఐ దాకా కొట్టండి. అతుకుల మీద సబ్బు నీళ్లు బ్రష్‌తో పూయండి. పెద్ద రంధ్రం బుడగలు ఊదుతుంది, సూది మొనంత రంధ్రం మాత్రం నిమిషం తర్వాత తెల్లటి నురుగు చుక్కగా తేలుతుంది. కంగారుగా చూస్తే అది దొరకదు. గుర్తు పెట్టి, గాలి తీసి, ఆరబెట్టి వెల్డ్ చేసి, మళ్లీ మొదటి నుంచి పరీక్షించండి. ఒకచోట సరిచేస్తే ఆ వేడికి పక్కన పగులు రావడం మామూలే.

సబ్బు పరీక్ష మూడుసార్లు నెగ్గాక కిరోసిన్ పరీక్ష. సుద్దను నీళ్లలో కలిపి అతుకుల మీద బయట పూసి ఆరనివ్వండి. లోపల రెండు లీటర్ల కిరోసిన్ పోసి అన్ని పక్కలకూ తిప్పుతూ రాత్రంతా ఉంచండి. ఎక్కడ కారినా తెల్ల సుద్ద మీద నూనె మరక పడుతుంది. నీళ్లు దూరని చోటికి కూడా కిరోసిన్ దూరుతుంది. ఇలా మరక పడితే కిరోసిన్ పూర్తిగా తీసి, సబ్బు వేడినీళ్లతో నాలుగైదుసార్లు కడిగి, మూత దాకా నీళ్లు నింపి, అతకాల్సిన చోటు మాత్రం నీటికి పైన ఉండేలా పెట్టి, మూత తెరిచి వెల్డ్ చేయాలి. ఒక్కసారి పెట్రోలు పోశాక మాత్రం మీరు చేయొద్దు, అలవాటున్నవాళ్లకు ఇవ్వండి.

9. లోపలి తుప్పు

ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. ఒట్టి ఉక్కు లోపల వానాకాలం గడిచేలోపే తుప్పు పడుతుంది. గుప్పెడు నట్లు వేసి ట్యాంకును బాగా ఊపి వెల్డింగ్ పెచ్చులు రాల్చండి. తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ రిమూవర్ పోసి, డబ్బా మీద రాసినంత సేపు ఉంచి, కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఎముకలా ఎండబెట్టి, ఇథనాల్ తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్న ట్యాంక్ సీలర్ పోసి తిప్పండి. తేమ మీద పోస్తే ఏడాదిలో పొరలు లేచి కార్బురేటర్‌లోకి వస్తాయి. కారుతున్న అతుకును సీలరే మూసేస్తుందిలే అనుకోకండి. అది తుప్పుకు మందు, వెల్డింగ్‌కు బదులు కాదు.

10. సీటు మూపు, పక్క డబ్బాలు

ట్యాంకు చేసినవాళ్లకు ఇవి సులువే, పద్ధతి అదే. ఒక్క జాగ్రత్త: బయటి అంచును 4 ఎంఎం తీగ చుట్టూ మడవండి. మడవని అంచు వణికి పగులుతుంది, తొడకు కోసుకుంటుంది కూడా. వెనక నంబరు ప్లేటు, లైటు, ఇండికేటర్లు మూపు కింద దాక్కోకుండా ముందే బండి వెనక నిలబడి చూసుకోండి.

11. రంగు, రోడ్డు

పుట్టీ 1 ఎంఎం మించితే మళ్లీ సుత్తి దగ్గరకు వెళ్లండి. దారానికి కట్టిన చిన్న అయస్కాంతం ట్యాంకంతా జార్చండి, పట్టు వదిలినచోట పుట్టీ మందంగా ఉన్నట్టే. ముందు ఎపాక్సీ ప్రైమర్, పైన హార్డెనర్ కలిపి వేసే 2కే రంగు, 2కే క్లియర్. పెట్రోలు చిందినా అవి ఊడవు. మామూలు స్ప్రే డబ్బా రంగు మొదటి బంకు దగ్గరే మెడ చుట్టూ లేచిపోతుంది.

మొదటిసారి ఒక్క లీటరే పోసి, ఇంజిన్ ఆన్ చేయకుండా అరగంట కాక్ కింద, అతుకుల కింద వేలు పెట్టి చూడండి. హ్యాండిల్ రెండు పక్కలా తిప్పి, కేబుళ్లు నలగడం లేదని చూసుకుని, అప్పుడు స్టార్ట్ చేయండి. 50 కిలోమీటర్ల తర్వాత బోల్టులు మళ్లీ బిగించండి. 500 కిలోమీటర్లకు ట్యాంకు దించి, బిగింపు పలకల మూలల దగ్గర టార్చి వేసి చూడండి. పగులు మొదలైతే ముందు రంగులో వెంట్రుకంత గీత కనిపిస్తుంది, దాని చుట్టూ దుమ్ము తడిగా అంటుకుని ఉంటుంది. అలా కనిపిస్తే బండి అక్కడే ఆపి, పెట్రోలు తీసేసి, పాత ట్యాంకు అటక మీంచి దించండి.